ఒక్క వాల్జ్ అడిగితే

ఉచితంగా ఫైలు దించుకోబోతే దాని వెంటే చెప్పాపెట్టకుండా వచ్చి కంప్యూటర్‌లో కాపురం పెట్టే సాఫ్ట్‌వేర్లను తిట్టిపోసేవాళ్లను చూస్తే నాకు జాలి. ఇంటికొచ్చిన చుట్టాలను ఎవరైనా తిడతారా? మంచులో కూరుకుపోయే మా థండర్ బే ఊళ్లో సగం ఏడాది తలుపు తట్టే మనిషే ఉండడు. అలాంటి ఊళ్లో ఒక్క బటన్ నొక్కితే తొమ్మిదిమంది దిగారంటే అదృష్టం కాదూ!

ఆ అదృష్టం నాకు పోయిన గురువారం పట్టింది.

మా పక్కింటి టోయివోకి డెబ్బై ఎనిమిదేళ్లు. అకార్డియన్ వాయిస్తాడు. శనివారం మనవరాలు సైమి పెళ్లి. తన తండ్రి కట్టిన వాల్జ్, అంటే జంటలు నాట్యం చేసే బాణీ, ఆరోజు వాయిస్తానని ఆ పిల్లకి మాటిచ్చాడు. సగం దాకా బాగానే వస్తోంది, ఆపైన వేళ్లు నిలబడిపోతున్నాయి. స్వరాలు రాసిన కాగితం ఎప్పుడో నేలమాళిగలోకి నీళ్లొచ్చినప్పుడు పాడైపోయింది. సడ్‌బరీలో ఉండే హెల్వి, ఆయన తండ్రి దగ్గర పాఠాలు నేర్చుకున్నావిడ, దాని నకలు ఒక ఉచిత ఫైళ్ల సైట్‌లో పెట్టిందని తెలిసింది.

"నువ్వు పత్రికకి రాసేవాడివి కదా రెయినో, కంప్యూటర్ నీకు కొట్టినపిండి. కాస్త దించిపెట్టవయ్యా," అన్నాడు టోయివో, మా వంటింట్లో కూర్చుని.

పేజీ తెరిచాను. "డౌన్‌లోడ్" అంటూ ఐదు పచ్చ బటన్లు! ఒక్కటి చాలదా అంటారేమో. ఐదింట్లో ఏది అసలుదో కనిపెట్టడం బుర్రకి ఎంత మంచి వ్యాయామం! అన్నిటికన్నా పెద్దదాన్ని నొక్కాను. "అంగీకరిస్తున్నారా?" అంది. అంత మర్యాదగా అడిగితే కాదనగలమా?

ముందుగా తెర మూలన ఒక చిలక వాలి, బయట చలిగా ఉందని చెప్పింది. తర్వాత రెండు యాంటీవైరస్‌లు వచ్చి, ఎదుటిది దొంగదని ఒకదానిమీద ఒకటి నాకు ఫిర్యాదు చేశాయి. ఇంకొకటి లోపలంతా గాలించి నా దగ్గర నాలుగువేల మూడువందల పన్నెండు లోపాలున్నాయని తేల్చింది. నలభై ఏళ్ల కాపురంలో మా ఆవిడ ఐలా కూడా అన్ని పట్టుకోలేకపోయింది!

"ఏంటా గోల? ఆ చిలకెవరు?" అంది ఐలా.

"వాతావరణం చెబుతుంది."

"కిటికీ ఏం పాపం చేసింది?"

టోయివో మెడ చాచి చూశాడు. "నా వాల్జ్ ఎంతదాకా వచ్చింది?"

"అందరూ వచ్చేశారు. అదొక్కటే రాలేదు."

చిలకని తీసేయబోయాను. "నిజంగానే నన్ను వదిలేస్తారా?" అని ఏడుపు మొహం పెట్టింది. నేను ఊరెళ్తుంటే ఈ ఇంట్లో ఎవరైనా అలా అడిగారా?

టోయివో వెంట తెచ్చుకున్న అకార్డియన్‌ను పెట్టెలో పెట్టేశాడు. "పోనీలే. సగం వాయిస్తా. మిగతా సగం చప్పట్లు కొట్టేయమంటా," అన్నాడు. పెట్టె గొళ్లెం కూడా వేసేశాడు. నాకు మొహం ఎత్తి చూడటానికి సిగ్గేసింది.

ఐలాకి సైట్లు తెలియవు, ఫోను తెలుసు. వాళ్లనీ వీళ్లనీ అడిగి హెల్వి నంబరు సంపాదించి మాట్లాడింది.

"అదింకా అక్కడుందా? పెట్టినదాన్ని, నాకే దిగడం లేదమ్మా!" అంది హెల్వి. "అసలు కాగితం నా పియానో మీదే ఉంది. ఉండండి, వాయిస్తా."

ఫోను పియానో మీద పెట్టి నెమ్మదిగా వాయించింది. టోయివో కళ్లు మూసుకుని విన్నాడు. రెండోసారికి పెట్టె తెరిచాడు. నాలుగోసారికి ఆవిడ సడ్‌బరీలో, ఈయన మా వంటింట్లో, ఇద్దరూ కలిసి చివరిదాకా వాయించారు. తన తండ్రి పోయాక టోయివో ఆ రెండో సగం విన్నది ఇదే మొదటిసారట. ఐలా కాఫీ పోస్తూ పోస్తూ కప్పు నిండిన సంగతే చూసుకోలేదు.

శనివారం సైమి, పెళ్లికొడుకు ఆ వాల్జ్‌కి నాట్యం చేశారు. అయ్యాక మళ్లీ వాయించమన్నారు. టోయివో మూడుసార్లు వాయించాడు.

ఇదంతా ఎవరి చలవ? ఆ ఫైలు సవ్యంగా దిగి ఉంటే మాకు హెల్వి దొరికేదా! అందుకే ఆ సైట్ యజమానిని కృతజ్ఞతగా మా ఇంటికి కాఫీకి పిలుస్తున్నాను. పూర్తిగా ఉచితం. "వస్తాను" అంటే చాలు. తిరిగి వెళ్లేటప్పుడు ఆయన కారులో మా బావమరిది ఉర్హో, అతని రెండు కుక్కలు, అతని ట్యూబా అనే పెద్ద బాకా బయల్దేరతాయి. ఆయనింట్లోనే ఉంటాయి. రోజూ తెల్లారి ఐదింటికి వాటంతట అవే మొదలవుతాయి.

బలవంతమేమీ లేదండీ! ఇష్టం లేకపోతే "నాకు వద్దు" అని టిక్కు పెట్టుకోవచ్చు. ఆ గడి మా వెనక మెట్ల కింద, బూడిదరంగు చెక్క మీద, బూడిదరంగు అక్షరాల్లో రాసిపెట్టాను. మంచు కరిగాక, మే నెలలో చక్కగా కనిపిస్తుంది.