మధ్యాహ్నం రెండింటికి ఆరిపోయే టార్చి

"ఈ ఊళ్ళో నేరస్తులు రెండే రకాలు. నేను పట్టుకున్నవాళ్ళు, నేను ఇంకా పట్టుకోవలసినవాళ్ళు," అని మావయ్య చారిత్రక ప్రకటన చేశాడు.

మొదటి రకంలో ఇంతవరకూ ఒక్కరూ లేరని ఆయన మేనకోడలు మీటరమ్మాయి గుర్తుచేయలేదు. పొద్దున్నే ఆయనతో వాదన పెట్టుకుంటే డ్యూటీకి ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని కూడా ఆయన అనుమానాస్పదమని రాసుకుంటాడు.

మావయ్య పోస్టాఫీసులో ముప్పై రెండేళ్ళు ఉత్తరాలు సార్టింగు చేసి రిటైరయ్యాడు. వచ్చేటప్పుడు ఆఫీసువాళ్ళు పారేస్తున్న గళ్ళ చెక్క అరను ఇంటికి మోయించుకొచ్చాడు. ఆ గళ్ళలో ఇప్పుడు ఉత్తరాల బదులు అనుమానితులుంటారు, తలా ఒక కార్డు రూపంలో. తలుపు మరీ మెల్లగా మూసే పక్కింటాయన ఒక గడిలో, ఎప్పుడూ కూనిరాగం తీసే పేపరతను ఒక గడిలో, సొంత అక్క ఇంకో గడిలో. అక్క అంటే మీటరమ్మాయి తల్లి. సూదిలో దారం ఎక్కించుకోవడానికి తమ్ముడి భూతద్దం అడక్కుండా తీసుకున్న పాపానికి ఆవిడ కార్డు మీద "పరారీలో లేదు, అయినా నిఘా అవసరం" అని రాసి ఉంటుంది. ఆవిడ వారానికోసారి ఆ కార్డుని కూడా దుమ్ము దులిపి మళ్ళీ అక్కడే పెడుతుంది.

ఈసారి మాత్రం ఇంట్లో నిజంగానే ఒక చిక్కు వచ్చిపడింది. మేనకోడలు నీటి మీటర్ల రీడరుగా చేరి ఆరు నెలలు కావస్తోంది. వీధుల్లో అందరూ ఆమెను మీటరమ్మాయి అనే పిలుస్తారు. ఇంటింటి గేటు దగ్గర నేలలో ఒక గొయ్యి, దాని మీద ఇనప మూత. కొక్కెం పెట్టి మూత లేపాలి, అది మళ్ళీ పడిపోకుండా ఒక చేత్తో పట్టుకోవాలి, రెండో చేత్తో రాసుకోవాలి. మిట్టమధ్యాహ్నం కూడా గోతి అడుగున చీకటే, అంకెలు కనిపించాలంటే టార్చి ఉండాల్సిందే. పట్టుకోవడానికి మూడో చెయ్యి దేవుడివ్వలేదు కాబట్టి ఆమె టార్చిని పళ్ళ మధ్య పట్టుకుంటుంది.

ఆ టార్చి పొద్దుటి పూట బాగానే వెలుగుతుంది. రాత్రంతా ఛార్జింగులో పెట్టి తెచ్చినది వెలగకేం చేస్తుంది. భోజనమై రెండింటికి మళ్ళీ బయల్దేరేసరికి మాత్రం చచ్చి ఊరుకుంటుంది. బ్యాటరీ మార్చినా అంతే. దాంతో లోతు గోతుల దగ్గర అంకెలు కంటికి ఆనక, కాగితంలో ఆ గడి ఖాళీగా వదిలి పక్కన "కనిపించలేదు" అని రాసేది. ఖాళీలు ఎక్కువవుతున్నాయని సూపర్‌వైజరు మేడమ్ మూడుసార్లు పిలిచి చెప్పింది. పక్క వీధులు చూసే సీనియరు కాగితంలో ఆరేళ్ళుగా ఒక్క ఖాళీ లేదని, అందుకే ఆఫీసంతా ఆయన్ని ఫుల్‌మార్కులాయన అంటారని, ఆయన్ని చూసి నేర్చుకోమని కూడా చెప్పింది. శుక్రవారంతో ఆరు నెలలూ పూర్తి. ఆ రోజు కాగితం చూసి ఉద్యోగం పర్మనెంటు చేస్తారు, లేదా ఇంటికి పంపేస్తారు.

మీటరమ్మాయికి ఈ ఉద్యోగం అంటే ప్రాణం. ఒకచోట కూర్చోనక్కర్లేని పని, ప్రతి గేటు దగ్గరా ఇద్దరు పలకరించే పని. పోతుందేమోనన్న దిగులుతో నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు.

"ఇది బ్యాటరీ లోపం కాదు," అన్నాడు మావయ్య. "ఇది అంతర్గత కుట్ర. భోజన సమయంలో ఎవడో నీ సంచీలో చెయ్యి పెడుతున్నాడు."

మంగళవారం ఆయన టార్చి అడుగు మూతకి లక్క కరిగించి సీలు వేశాడు. పోస్టాఫీసు రోజుల్లో ఇన్సూర్డు పార్సిళ్ళకు వేసిన చెయ్యి కదా, సీలు దిట్టంగా కుదిరింది. సాయంత్రం మీటరమ్మాయి తెచ్చి చూపించింది. సీలు చెక్కుచెదరలేదు, టార్చి మాత్రం యథాప్రకారం చచ్చిపోయి ఉంది. అంటే ఎవరూ ముట్టుకోలేదని ఆమె అర్థం చేసుకుంది. మావయ్య మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు సగం మూసి, దొంగకి లక్క పనిలో అపారమైన నైపుణ్యం ఉందని తేల్చాడు. నేరస్తుడు సామాన్యుడు కాడని అరలో కొత్త కార్డు పెట్టాడు. పేరు రాయాల్సిన చోట పెద్ద ప్రశ్నార్థకం వేసి, అది బావుందని మరోసారి దిద్దాడు.

బుధవారం పొద్దున్నే ఇద్దరూ కొత్త టార్చి కొనడానికి వెళ్ళారు. దుకాణం చిన్నది, గ్లాసు బల్ల మీద బొటనవేలంత టార్చీల నుంచి మూరెడు టార్చీల దాకా వరసగా పేర్చి ఉన్నాయి. దుకాణదారు నిదానస్తుడు. ఏ పనికి, ఎక్కడ పెట్టుకుంటారు, ఏ చేత్తో వాడతారు అని ఒక్కొక్కటే అడిగాడు. ఆమె చెప్పేలోపు మావయ్య అడ్డుపడి, అది అధికార రహస్యమన్నాడు. దుకాణదారు ఆయన్ని కాసేపు చూసి, ప్రశ్నలన్నీ మీటరమ్మాయి వైపు తిప్పుకున్నాడు.

"అందరూ వెలుగు ఎంత దూరం పడుతుందనే అడుగుతారమ్మా," అన్నాడాయన. "వెలిగించనప్పుడు అది ఎక్కడ, ఎలా పడుంటుందో ఎవరూ చెప్పరు. మంచీ చెడ్డా అంతా అక్కడే ఉంటుంది."

ఆమె ఒక సన్నటి టార్చి ఎంచింది. దానికి మీట లేదు, తల తిప్పితే వెలుగుతుంది, వెనక్కి తిప్పితే ఆరుతుంది. మామూలు పెన్సిలు బ్యాటరీ ఒకటి చాలు. మొహమాటపడుతూనే పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక చేత్తో లేని మూతని పట్టుకుని, రెండో చేత్తో లేని పుస్తకంలో రాసి చూసింది. సరిగ్గా అమరింది. అది నోట్లో ఉండగా ఇదే కావాలని చెప్పబోయింది కానీ మాట బయటికి రాలేదు.

ఆ సందులో మావయ్య తీర్పు ఇచ్చేశాడు. "ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు తల తిప్పుకుంటూ కూర్చుంటావా? ఇది చూడు. వేలెడే, కానీ వెయ్యి ల్యూమెన్ల వెలుగు. వేలు తగిల్తే చాలు, శత్రువు కళ్ళు బైర్లు కమ్ముతాయి."

శత్రువు నీటి మీటరు అని ఆమె అంది. మీటర్లలో కూడా ఎన్ని రకాలుంటాయో నీకు తెలీదని ఆయన అన్నాడు. పెద్దవాడు, పైగా తనకోసం ఇంత తాపత్రయపడుతున్నవాడు, ఎదురు చెప్పలేకపోయింది. దుకాణదారు సన్నటి దాన్ని జాగ్రత్తగా తుడిచి, విడిగా పక్కన పెట్టాడు.

ఆ వెయ్యి ల్యూమెన్లూ గోతిలో పడేసరికి మీటరు అద్దం మీది తడి భగ్గుమంది. అంకెలు లేవు, డయలు లేదు, తెల్లటి వెలుగు తప్ప ఏమీ కనిపించలేదు. శత్రువు కన్నా ముందు ఆమె కళ్ళే బైర్లు కమ్మాయి. బుధ, గురువారాలు కలిపి మరో తొమ్మిది ఖాళీలు చేరాయి. గురువారం సాయంత్రం ఆ టార్చిని మావయ్య చేతిలో పెట్టేసి, రేపటికి పాతదే పట్టుకెళ్తానని చెప్పి, ముఖం కడుక్కునే వంకతో పెరట్లోకి వెళ్ళి ఏడ్చింది. మావయ్య అది చూశాడు. ఆ పూట ఆయన కార్డులేవీ తీయలేదు.

శుక్రవారం మూడింటికి మీటరమ్మాయి సూపర్‌వైజరు బల్ల ముందు నిలబడి ఉంది. కాగితంలో అయిదు కొత్త ఖాళీలు. మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది, మంచి వార్త చెప్పేవాళ్ళెవరూ అలా పెట్టరు. పక్కన ఫుల్‌మార్కులాయన తన నిండు కాగితం ఇచ్చి, జాలిగా తల పంకిస్తూ నిలబడ్డాడు. సంచీలన్నీ గోడకున్న కొయ్య చట్రానికి వరసగా వేలాడుతున్నాయి.

అప్పుడు తలుపు తీసుకుని మావయ్య వచ్చాడు.

"ఎవరూ కదలకండి," అన్నాడు. నిజానికి ఎవరూ కదలడం లేదు. "నేరస్తుడు ఈ గదిలోనే ఉన్నాడు."

మా మావయ్యండీ అని మీటరమ్మాయి మేడమ్‌తో చెప్పబోయింది. మావయ్య రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో దోపుకుని గదిలో అటూ ఇటూ నడుస్తూ ఉపన్యాసం మొదలుపెట్టాడు. తన మేనకోడలి టార్చి రోజూ రెండింటికి ఎందుకు ఆరిపోతోంది? ఫుల్‌మార్కులాయన టార్చి ఒక్కనాడూ ఎందుకు ఆరిపోదు? ఒకరి వెలుగు తగ్గిందంటే ఇంకొకరి వెలుగు పెరిగినట్టే. ఇతను ఆరు నెలలుగా ఈ అమాయకురాలి బ్యాటరీల మీద బతుకుతున్నాడు. లక్క సీళ్ళు తెరిచి మూయడంలో ఆరితేరినవాడు.

ఫుల్‌మార్కులాయనకి కోపం రాలేదు, నవ్వొచ్చింది. ఈయన్ని ఎక్కణ్ణుంచి తెచ్చావమ్మా అన్నాడు. మేడమ్ మాత్రం నవ్వలేదు. ఇది ఆఫీసని, వెంటనే బయటికి నడవమని మావయ్యకి చెప్పింది. ఉద్యోగం పోవడం ఒక ఎత్తు, ఇలా పోవడం ఇంకో ఎత్తు అని మీటరమ్మాయి తల దించుకుంది.

దించుకున్న తలకి మావయ్య కుడి జేబు కనిపించింది. అది వెలుగుతోంది. ఖాకీ గుడ్డలోంచి ఎర్రగా, గుండ్రంగా, లోపల ఏదో ఉదయిస్తున్నట్టు వెలుగుతోంది. బట్ట కాలుతున్న వాసన కూడా మొదలైంది.

"మావయ్యా, నీ జేబు," అంది.

"నా జేబు సంగతి తర్వాత. ముందు అతని..." అన్నాడాయన. వాక్యం అక్కడే ఆగింది, వేడి తొడకి అందింది. మావయ్య ఆ వయసులో ఎవరూ గెంతనంత ఎత్తుకి గెంతి, పట్టు కోసం గోడ మీది చట్రాన్ని అందుకున్నాడు. చట్రం ఊడి వచ్చింది. సంచీలన్నీ నేల మీద బోర్లా పడ్డాయి, వాటి మధ్య మావయ్య.

మేడమ్ లేచి వచ్చి, ముందు ఆయన జేబులోంచి టార్చి చేతిరుమాలుతో లాగి పారేసింది. కాలింది గుడ్డే, తొడ మాత్రం కాస్త కమిలి ఊరుకుంది. జేబులో టార్చితో పాటు ఇంటి తాళాల గుత్తి ఉంది. ఆ గుత్తి మీటని నొక్కిపెట్టింది.

మీటరమ్మాయి ఆ తాళాల వంక చూసింది. తర్వాత కింద పడిన తన సంచీ దగ్గర కూర్చుని, పాత టార్చిని ఎప్పుడూ పెట్టే చోట పెట్టి, మీద ఇనప కొక్కెం, దాని మీద లావుపాటి పుస్తకం పెట్టింది. సంచీ మూతి బిగించి ఎత్తింది. లోపల మీట నొక్కుకున్న చిన్న చప్పుడు అందరికీ వినిపించింది. రోజూ భోజనాల వేళ గంటసేపు ఆ టార్చి మందపాటి సంచీలో తన పాటికి తను వెలిగి, అంతా వెలిగి, రెండింటికి ఖాళీ అయిపోతోంది. దొంగా లేడు, కుట్రా లేదు.

"అంటే నీ తప్పు కాదు," అంది మేడమ్. "కానీ ఖాళీలు ఖాళీలేగా."

అలా అంటూనే కాలికి తగిలిన ఇంకో టార్చిని వంగి తీసింది. అది ఫుల్‌మార్కులాయన సంచీలోంచి దొర్లింది. అలవాటుగా మీట నొక్కింది, వెలగలేదు. మూత తిప్పింది, రాలేదు. గట్టిగా తిప్పితే తుప్పు రాలింది. లోపల బ్యాటరీ ఉబ్బి, పచ్చగా చిలుము పట్టి, గొట్టానికి అంటుకుపోయి ఉంది. ఏళ్ళ తరబడి దాన్ని ఎవరూ తెరవలేదని చూస్తేనే తెలుస్తోంది.

మేడమ్ ఆయన నిండు కాగితాన్ని, ఆ తుప్పునీ మార్చి మార్చి చూసింది.

"మరి ఇన్నాళ్ళూ గోతుల్లో అంకెలు ఎలా చదివారు?"

ఫుల్‌మార్కులాయన చాలాసేపు తన చెప్పులు చూసుకున్నాడు. "గోతిదాకా వెళ్ళలేదు మేడమ్," అన్నాడు చివరికి. "గేటు బయట చెప్పులు లెక్కపెట్టేవాణ్ణి. దండెం మీద ఎన్ని బట్టలు ఆరేశారో చూసేవాణ్ణి. మొక్కల కింద తడి ఉంటే కాస్త కలిపేవాణ్ణి. దాదాపు సరిపోయేది."

నేల మీద ఉన్న మావయ్య తల ఎత్తాడు. ఆయన ముఖంలో భక్తి లాంటిది కనిపించింది. "చెప్పుల్ని బట్టి నీళ్ళు లెక్కకట్టావా?" అన్నాడు మెల్లగా. "నాకు ఇది తట్టనే లేదు."

మేడమ్ మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుంది. ఫుల్‌మార్కులాయన తన వీధులన్నీ మళ్ళీ తిరగాలని, ఈసారి ప్రతి మూతా లేపాలని, లేపినట్టు ఆ ఇంటివాళ్ళ సంతకం తేవాలని చెప్పింది. తర్వాత మేడమ్, మీటరమ్మాయి రాసిన ఆరు నెలల కాగితాలన్నీ బయటికి తీసి ముందు పరుచుకుంది. ఇన్నాళ్ళూ తను వాటిలో ఖాళీలే లెక్కపెట్టింది, ఇప్పుడు అంకెలు చదివింది.

"కనపడనప్పుడు కనపడలేదని రాశావు," అంది. "అంటే మిగతావన్నీ నువ్వు చూసి రాసినవే. ఈ ఆఫీసులో నేను నమ్మగలిగిన కాగితం ఇదొక్కటేనని ఇవాళే తెలిసింది."

పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టి, రీడర్లు పదకొండు మందికీ ఎలాంటి టార్చి ఉండాలో నువ్వే ఎంచి చెప్పమంది. మీటరమ్మాయికి కృతజ్ఞతగా ఏదో చెప్పాలని ఉంది. కానీ ఏడుపు, నవ్వు ఒకేసారి ముంచుకొచ్చి, వంగి మావయ్యని లేపడం మొదలుపెట్టింది.

దారిలో దుకాణం దగ్గర ఆగారు. దుకాణదారు ఏమీ అడక్కుండా పక్కన పెట్టిన సన్నటి టార్చి తీసి ఇచ్చాడు. మిగతా పదీ తెప్పించడానికి రెండు రోజులు పడుతుందన్నాడు. మావయ్య కాలిన జేబుకి అడ్డంగా పేపరు పట్టుకుని, ఏ నేరమైనా తన ముందు దానంతట అదే బయటపడుతుందని ఆయనకి వివరించాడు. దుకాణదారు ఒప్పుకున్నాడు. ఇంటికెళ్ళాక మావయ్య ప్రశ్నార్థకం కార్డు తీసి, "బ్యాటరీ దొంగ. ఒప్పుకున్నాడు. గొప్ప మెదడు," అని రాసి మొదటి రకం గడిలో పెట్టాడు. మీటరమ్మాయి దాన్ని దిద్దలేదు. ఆ గడి ముప్పై ఏళ్ళు ఖాళీగా ఉన్నా ఆమెకి ఫరవాలేదు కానీ, ఆయనకి ఫరవా ఉంటుంది.

సోమవారం మధ్యాహ్నం మూడింటికి ఆమె అన్నిటికన్నా లోతైన గొయ్యి మీద వంగి, పళ్ళ మధ్య ఉన్న టార్చి తల తిప్పింది. మెత్తటి వెలుగులో అయిదు అంకెలూ స్పష్టంగా కనిపించాయి. సాయంత్రానికి కాగితం దాదాపు నిండింది. ఒక్క గడి మిగిలింది. దాని పక్కన "మూత మీద కుక్క పడుకుంది. మూడుసార్లు అడిగాను, లేవలేదు," అని రాసి ఇచ్చింది.

మేడమ్ అది చదివి, ఆ ఖాళీ గడి పక్కన సంతకం పెట్టింది.