మూడో ముల్లు

ఆ గురువారం కన్నబాబు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఏడింటికి ఐదో తొట్టి అద్దం కడగాలి, ఎనిమిదింటికి నేల తుడవాలి, పదకొండింటికి చేపలు చూడ్డానికి ప్రొఫెసరు గారు వచ్చేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని తలుపు పక్కన నిలబడాలి. ఇందులో తలకిందులయ్యేది ఏముందని ఎవరైనా అనుకుంటారు. కన్నబాబూ అలాగే అనుకున్నాడు.

ఆరేళ్లుగా అతను బహ్రెయిన్ డాబాల మీద ఏసీ పైపులు మోస్తున్నాడు. జూలై ఎండకు అక్కడ చెప్పుల అడుగులు మెత్తబడి నేలకు అంటుకుపోతాయి. అలాంటి మనిషికి అమ్వాజ్‌లో తనకు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ గారి విల్లాలోని చేపల గది కంటబడింది. పదిహేను డిగ్రీల చల్లదనం, మసక వెలుతురు, ఐదు గాజు తొట్లు. వాటిని చూసుకునే ఫిలిప్పీన్ మనిషి పని మానేసి స్వదేశం వెళ్లిపోతే, కన్నబాబును వారం రోజులు ట్రయల్‌కు పెట్టారు. ప్రొఫెసరు మెచ్చుకుంటే ఉద్యోగం ఖాయం, లేదంటే శనివారం నుంచి మళ్లీ డాబా. ఇక ఈ జన్మలో డాబా ఎక్కేది లేదని కన్నబాబు తీర్మానించేసుకున్నాడు.

కఫీల్‌కు చేపల పిచ్చి, అందులోనూ పెర్చ్ కుటుంబమంటే పడిచస్తాడు. చల్లటి దేశాల నదుల్లో, చెరువుల్లో తిరిగే చేపలవి. ఒంటి మీద నల్ల చారలున్న పెర్చ్, కోరల జాండర్, జానెడు రఫ్, రంగురంగుల డార్టర్లు నాలుగు తొట్లలో ఉండేవి. ఐదోదాంట్లో రెండు కిలోల వెండిరంగు చేప ఉండేది. జెయింట్ పెర్చ్ అని చెప్పి ఎవరో దుకాణదారు దాన్ని అంటగట్టాడు. కఫీల్ అతిథులకు అన్నిటి తర్వాత దాన్ని చూపించి మీసం సవరించుకునేవాడు. హంగరీ నుంచి వచ్చిన ప్రొఫెసరు ఈ చేపలన్నీ ఒకే కుటుంబానివని తేల్చి తన పత్రికలో రాస్తే ఆయన జన్మ ధన్యమైనట్టే. ఒక్క పరాయి చేప కనబడినా ఆవిడ కలం మూసేస్తుందని ఆయనే చెప్పాడు.

అందుకని కన్నబాబు వారమంతా పాఠం బట్టీ పట్టాడు. వీపు మీద రెండు రెక్కలు, ముందుదాని నిండా ముళ్లు. పొట్ట కింద, తోకకు ముందుండే రెక్కకు ముళ్లు ఒకటో రెండో ఉండాలి, మూడుంటే ఆ కుటుంబం కాదు. నాలుగు తొట్ల దగ్గరా ముక్కు అద్దానికి ఆనించి లెక్కపెట్టి సరిచూసుకున్నాడు. ఐదో తొట్టిలో వెండి చేప మాత్రం వారం నుంచీ పొట్ట నేలకు ఆనించి మందంగా పడి ఉంది. అంత పెద్ద చేపను లేపి లెక్కపెట్టడం మర్యాద కాదని ఊరుకున్నాడు.

ఏడింటికి దాన్ని వలతో నీలం టబ్బులోకి తీశాడు. గది కడగాలి కదా అని టబ్బును బయట వరండాలో, వంటగది గుమ్మం పక్కన పెట్టాడు. కొంప మునిగింది అక్కడే. కఫీల్ తమ్ముడు పడవ మీద వేటకు వెళ్లి తెచ్చిన చేపలను ఎవరినీ పిలవకుండా టబ్బులో ఆ గుమ్మం పక్కనే వదిలి వెళ్తుంటాడు. అక్కడ టబ్బు ఉందంటే అది ఆ పూట వంట. ఈ ఆనవాయితీ వంట చేసే సత్యకుమారికి తెలుసు, ఇంట్లో పిల్లికీ తెలుసు, వారం క్రితం వచ్చిన కన్నబాబుకే తెలియదు.

అతను తొట్టి అద్దాన్ని ఎంత పట్టుదలగా తోమాడంటే పంపు గొట్టం ఊడి వచ్చింది. గది నిండా నీళ్లు. గొట్టం బిగించి, నీళ్లు తోడి, నేల ఆరబెట్టేసరికి మూడు గంటల పైనే పట్టింది. బయటికి వచ్చి చూస్తే నీలం టబ్బు శుభ్రంగా కడిగి గోడకు బోర్లించి ఉంది. వంటగదిలోంచి చింతపండు పులుసు వాసన వస్తోంది.

"అక్కా, ఈ టబ్బులో చేపేది?" అన్నాడు.

"ఇంకా చేపేంటి తమ్ముడూ, ముక్కలైపోయింది. ఎంత మంచి పండుగప్పనుకున్నావు. చూసి నాలుగేళ్లయ్యింది" అంది సత్యకుమారి గరిటె తిప్పుతూ.

అది పండుగప్ప కాదని, కఫీల్ ప్రాణమని అతను చెప్పాడు. ముఖం చూస్తే తెలియదా, ఉప్పుటేరు గట్టున పుట్టినదాన్ని అని ఆవిడ వాదించబోయి, సగంలో సంగతి అర్థమై స్టూలు మీద కూలబడింది. వీసా రద్దు చేసి పంపేస్తే కూతురి నర్సింగు చదువు ఆగిపోతుందని ఏడుపు లంకించుకుంది. ఆ ఏడుపు చూశాక కన్నబాబుకు తన భయం కాస్త పక్కకు పోయింది.

"నీ పేరు బయటికి రాదక్కా. టబ్బు పెట్టింది నేను, పడేదేదో నేనే పడతాను."

వెంటనే కార్యరంగంలోకి దిగాడు. ఐదో తొట్టికి నల్లగుడ్డ కప్పి, మందు వేశాం, ముట్టుకోవద్దు అని కాగితం అంటించాడు. పులుసు గిన్నెను వాషింగ్ మెషీన్ వెనక దాచాడు. ఫ్రీజర్‌లోని కోడిని తీసి కుళాయి కింద పెట్టమన్నాడు. కోడి కరగాలి, కూర కావాలి, అందుకు టైము కావాలి. ప్రొఫెసరును తీసుకురావడానికి వెళ్లిన డ్రైవరు ముత్తన్నకు ఫోన్ చేసి, ఆవిణ్ణి ఒక గంట ఎక్కడైనా తిప్పమని బతిమాలాడు.

"గంట సేపు యాడ తిప్పాలె తమ్మీ? గీ దేశమే గంట సేపు లేదు" అన్నాడు ముత్తన్న.

అయినా మాట నిలబెట్టుకున్నాడు. అరాద్ కోట చుట్టూ మూడుసార్లు తిప్పాడు, జింజ్ సందులన్నీ చూపించాడు, మళ్లీ కోటకు తీసుకొచ్చాడు. ప్రొఫెసరు పొద్దున కాఫీ తప్ప ఏమీ తీసుకోలేదని అతనికి తెలియదు. పన్నెండున్నరకు ఆవిడ విల్లాలో అడుగు పెట్టి, చేపలు ఎక్కడికీ పోవు, ముందు భోజనం అంది. కోడి లోపల ఇంకా ఇటుకలాగే ఉంది. కఫీల్ వాసన పట్టుకుంటూ వెళ్లి, వాషింగ్ మెషీన్ వెనక నుంచి పులుసు గిన్నెను స్వయంగా బయటికి తీశాడు. మంచి వంటను దాచిపెట్టే ఈ అలవాటేమిటని సత్యకుమారిని మందలించాడు కూడా.

ప్రొఫెసరు మొదటి రెండు ముక్కలూ ఆవురావురుమని తింది. మూడోది తోక ముక్క. దానికి రెక్క అలాగే ఉండిపోయింది. జీవితమంతా చేపలు లెక్కపెట్టిన మనిషి కదా, ఆ రెక్కను కంచం అంచున విప్పి పెట్టింది. మంచినీళ్ల జగ్గు పట్టుకుని నిలబడ్డ కన్నబాబు ఆవిడతోపాటే మనసులో లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు.

"ఇది వేడి దేశాల చేప. పెర్చ్‌లకు దూరం, వేరే కుటుంబం" అందావిడ. "కొందరు వ్యాపారులు దీన్నే జెయింట్ పెర్చ్ అని చెప్పి అమ్ముతారు. మీ గదిలో ఇలాంటిది లేదు కదా?"

కఫీల్ చేతిలోని ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. లేచి చేపల గదికి వెళ్లాడు. గుడ్డ లాగిన చప్పుడు వినబడింది. తిరిగి వచ్చి, ఎవరి పని ఇది అని హిందీలో నెమ్మదిగా అడిగాడు. ఆ నెమ్మది చూసే సత్యకుమారి తలుపు వెనక్కి జరిగింది.

కన్నబాబు జగ్గు కింద పెట్టి ముందుకొచ్చాడు. "నేనే సార్. తీసిందీ నేనే, వండిందీ నేనే."

కఫీల్ అతన్ని చూశాడు. తర్వాత ప్రొఫెసరు కంచాన్ని చూశాడు. ఆవిడ మళ్లీ వడ్డించుకుంటోంది.

"లేదు మేడం" అన్నాడు, మీసం సవరించుకుని. "ఆ కుటుంబానికి చెందని చేపకు మా గదిలో చోటు లేదు. అలాంటివి భోజనానికి పెట్టేస్తాం."

నాలుగు తొట్లూ చూసి ప్రొఫెసరు రెండు పేజీలు రాసుకుంది. ఇంత కచ్చితంగా ఏరిన సేకరణను తాను చూడలేదంది. ఆవిడను సాగనంపాక కఫీల్ ఇద్దరినీ పిలిచి, అది దొంగ పెర్చ్ అని ఎలా కనిపెట్టారని అడిగాడు. ఇంకో అబద్ధం ఆడే ఓపిక కన్నబాబుకు లేదు. ముఖం చూసి అక్కే పోల్చిందని నిజం చెప్పాడు.

కఫీల్ ఆలోచించాడు. ముఖం చూసి చేప వంశం చెప్పగలిగే మనిషి చేపల గదిలో ఉండాలి. అంత కమ్మటి పులుసు వండిన మనిషి వంటగదిలో ఉండాలి. న్యాయమైన తీర్పు. శనివారం నుంచి అలాగే, ఖలాస్, ఇంక మాట లేదు అని లేచి వెళ్లిపోయాడు.

క్యాంపు మెస్సులో ఆరేళ్లు తిన్న కన్నబాబుకు గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు. వండింది నేను కాదని నోరు విప్పితే అక్క మెడకు చుట్టుకుంటుంది. ఆ రాత్రంతా మథనపడి, నేర్చుకుంటే రానిదేముందని గట్టిగా నిశ్చయించుకున్నాడు.

శనివారం ఉదయం సత్యకుమారి స్వెట్టరు వేసుకుని చేపల గదికి బయలుదేరుతుంటే, కన్నబాబు వెనకే వెళ్లి గిన్నెలో ముందు బియ్యం వెయ్యాలా, నీళ్లు పొయ్యాలా అని అడిగాడు.