మసి మందుకే నా ఓటు

తుపాకి మందు ఎంత మసి కక్కితే మనిషికి అంత మంచిది! ఈ మాట నేను నిద్రమత్తులో అనడం లేదు. పొద్దున్నే కాఫీ తాగి, కళ్లద్దాలు తుడుచుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని మరీ మా ఊరి పేపరుకి ఈ వారం వ్యాసం రాస్తున్నాను. కాదనేవాళ్లు ఆదివారం క్లబ్బు మీటింగుకి వచ్చి నా మొహం మీదే చెప్పొచ్చు.

సంగతేమిటంటే, విస్కాన్సిన్ రాష్ట్రంలోని మా స్ప్రూస్ లేక్ ఊరి గన్ క్లబ్బులో ఏటా ఆకులు రాలే రోజుల్లో ఒక ఎన్నిక జరుగుతుంది. గవర్నర్ ఎన్నికప్పుడు దుప్పటి కప్పుకుని పడుకునే ఊరు, దీనికి మాత్రం లేచి కూర్చుంటుంది. మేమంతా పేల్చిన తూటాల ఇత్తడి గొట్టాలు నేల మీంచి ఏరుకుని, ఇంటికి పట్టుకెళ్లి, మళ్లీ మందు కూరి, కొత్త గుండు బిగించి వాడుకునే రకం. ఆ మందు ఎవరికి వారు తెప్పించుకుంటే రవాణా చార్జీలకే వాచిపోతాం. పేలే సరుకు కదా! అందుకని క్లబ్బంతా కలిసి ఒకే రకం తెప్పించుకుంటాం. ఏ రకం అన్నదాని మీదే ఓట్లు.

ఇన్నేళ్లూ గెలుస్తూ వచ్చింది పాత మందే. మా నాన్నలు వాడిందే మేమూ వాడుతున్నాం. ట్రిగ్గర్ నొక్కితే పొగ, పొగ వెనకాలే మసి, మసిలో కాలీ కాలని పలుకులు. ఈ ఏడు దాని మీద పోటీకి కొత్త మందు నిలబడింది. అది శుభ్రంగా కాలే మందట! సాయంత్రమంతా కాల్చినా రివాల్వరు అప్పుడే తోమి బోర్లించిన గిన్నెలా ఉంటుందట!

దాని తరఫున ఊరంతా తిరుగుతున్నవాడు డ్వేన్ హ్యాకర్ట్. డ్వేన్ ఉద్యోగ జీవితమంతా పాల ఫ్యాక్టరీలో తనిఖీ చేశాడు. ట్యాంకర్ లోపల తెల్లగుడ్డతో తుడిచి, గుడ్డ వంక ఒకసారి, డ్రైవర్ వంక ఒకసారి చూసి, చలికాలంలో కూడా డ్రైవర్లకు చెమటలు పట్టించినవాడు. రిటైరయ్యాడు గానీ, జేబులోంచి తెల్లగుడ్డ రిటైర్ కాలేదు. పోయిన మే నెలలో అందరికంటే ముందు తనే కొత్త మందు వాడి, క్లబ్బులో వారం వారం జరిగే గురువారం పోటీ అయ్యాక తుపాకి గొట్టంలోకి ఆ గుడ్డ దూర్చి, బయటికి లాగి, జెండాలా ఎత్తి పట్టుకున్నాడు.

"చూడండ్రా! తెల్లగా ఎలా ఉందో! దీన్ని మీ ఆవిడ వేడి వేడి రొట్టెల మీద కప్పుకోవచ్చు" అన్నాడు.

"మా ఆవిడతో ఆ మాట అని చూడు, దాన్ని నీ నోట్లో కుక్కుతుంది" అన్నాడు లైల్ ప్రోక్నో. లైల్ పాడిరైతు. ఆవులతో తప్ప ఎవరితోనూ మెత్తగా మాట్లాడి ఎరగడు.

అయినా ఏం లాభం? నవ్విన వాళ్లే మర్నాడు వెళ్లి తలా ఒక డబ్బా కొనుక్కున్నారు. ఇప్పుడు సగం క్లబ్బు శుభ్రం పార్టీ. అందుకే కలం పట్టాను. మసి వల్ల మానవజాతికి కలిగే మేళ్లు ఎవరో ఒకరు చెప్పొద్దూ?

మొట్టమొదటిది, పొగ. మా షూటింగ్ రేంజి క్లబ్బు నేలమాళిగలో ఉంది. అక్కడి ఫ్యాను ఎవరి తాత బిగించాడో ఎవరికీ తెలీదు. పాత మందు నాలుగుసార్లు పేలిస్తే ఎదుట గురిపెట్టిన కాగితం కనపడదు. ఇది ఎంత గొప్ప సదుపాయం! గుండు ఎటు పోయిందని ఎవరైనా అడిగితే, "పొగలో ఏం కనిపిస్తుందయ్యా!" అంటే చాలు. ముప్పై ఏళ్లుగా నాకు మంచి షూటర్‌నని పేరు. కొత్త మందుతో ఒక్క గురువారం కాల్చానో లేదో, నా గుండ్లు ఎటు పోతున్నాయో ఊరందరికీ తెలిసిపోయింది. నాక్కూడా తెలిసిపోయింది. ఒక మనిషి పరువు తీయడానికి సైన్సు ఇంత కష్టపడాలా?

రెండోది, సంసారం. పాత మందు రోజుల్లో నేను ఇల్లు చేరకముందే నా కోటు వాసన చేరేది. మా ఆవిడ మార్జీ వంటింట్లోంచే, "కోటు గ్యారేజీలో తగలెయ్యి" అని కేకేసేది. మనిషి కంటే ముందు సాక్ష్యం వచ్చేదన్నమాట. కొత్త మందు వాడిన రోజు ఏం జరిగిందో తెలుసా? మార్జీ ఎదురొచ్చింది. కోటు కాలర్ పట్టుకుని వాసన చూసింది. ఇంకోసారి చూసింది.

"ఏమయ్యా, నిజం చెప్పు. ఎక్కడికెళ్లొచ్చావు?"

"క్లబ్బుకే."

"క్లబ్బుకెళ్లినోడివి ఇలా మనిషి వాసనొస్తావా?"

చూశారా! డ్వేన్ ఫోన్‌లో సాక్ష్యం చెబితే గానీ నాకు ఆ పూట అన్నం, అంటే బంగాళదుంపల కూరా సాసేజీలూ, పుట్టలేదు. చెప్పిన డ్వేన్ ఊరుకోక, "చూశావా వదినా, మా మందు అంత శుభ్రం!" అని అక్కడ కూడా ప్రచారం చేసుకున్నాడు.

మూడోది, గిన్నెలు. భోజనం కాగానే, "తుపాకి శుభ్రం చేసుకోవాలి, తుప్పు పడుతుంది" అని గంభీరంగా లేచి వెళ్లే హక్కు ఈ దేశంలో మగవాడికి మిగిలిన చివరి హక్కు. ఆ హక్కుకు పునాది మసి. మసి పోతే గిన్నెలు తుడిచే గుడ్డ మన చేతికొస్తుంది. శుభ్రం పార్టీకి ఓటేసే మగమహారాజులు ఈ ముక్క తలగడ కింద పెట్టుకుని ఆలోచించాలి.

ఇవి సరదాకి అన్నవి అనుకుంటారేమో, నిజమైన పాయింటు ఒకటి చెబుతాను. పాత మందు బరువు తక్కువ, ఒళ్లు ఎక్కువ. ఇత్తడి గొట్టాన్ని సగం పైనే నింపేస్తుంది. పరధ్యానంలో ఒకే గొట్టంలో రెండుసార్లు పోశారనుకోండి, పొంగి బల్ల మీద పడుతుంది. మీ బుద్ధి తక్కువతనం మీ కంటికే కనిపిస్తుంది. కొత్త మందు చిటికెడే పడుతుంది, అడుగున నక్కి కూర్చుంటుంది. రెండుసార్లు పోసినా పైకి అమాయకంగా ఉంటుంది. ఆ తూటా పేల్చినవాడి తుపాకీ ఉండదు, అదృష్టం బాగోకపోతే వేళ్లూ ఉండవు. ఇది విన్నాక డ్వేన్ ఏమన్నాడు?

"గుండు బిగించే ముందు ప్రతి గొట్టంలోకీ లైటేసి తొంగి చూడాలి. మందు ఏదైనా సరే. కళ్లు దేవుడు ఎందుకిచ్చాడు?"

అతను చెప్పింది నిజం. కాబట్టి ఆ పాయింటు వదిలేసి ముందుకు పోదాం.

అసలు మేలు ఇంకొకటుంది. బల్ల.

రేంజి బయట ఒక పొడుగాటి బల్ల ఉంది. ఎవరో పాత చర్చి బెంచీల చెక్కతో చేశారు. నూనె తాగీ తాగీ నల్లబడిపోయింది. గురువారం పోటీ అయ్యాక అందరం దాని చుట్టూ కూర్చుని, తుపాకులు విప్పి, బ్రష్షులతో తోమి, పీలికలతో తుడిచి, చేతులు సబ్బుతో కడుక్కుని, ఆ తర్వాతే కాఫీ ముట్టుకోవాలి. ఇది మా క్లబ్బులో రాయని చట్టం. పాత మందు కాల్చినవాడికి ఆ పని తొందరగా తెమలదు. ఒక పీలిక నల్లగా వస్తుంది, ఇంకోటీ నల్లగా వస్తుంది, ఇంకోటి కాస్త బూడిద రంగులో వస్తుంది.

మా విస్కాన్సిన్ మగాళ్ల సంగతి మీకు చెప్పాలి. ఎదురెదురుగా కూర్చోబెట్టి "ఏంట్రా, ఎలా ఉన్నావు?" అంటే "బాగానే ఉన్నా" అంటారు. ఇల్లు కాలిపోతున్నా అదే మాట. కానీ చేతిలో పని ఉండి, కళ్లు పని మీద ఉంటే నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. లైల్ తన ఆవులు అమ్మేస్తున్న సంగతి పెళ్లాం కంటే ముందు ఆ బల్ల దగ్గరే చెప్పాడు. మా అందరికంటే పెద్దవాడు ఆర్విన్ జాస్ట్రో ఒక గురువారం రివాల్వర్‌లో తూటాలు పెట్టే చక్రాన్ని తోముతూ తోముతూ, "లోయిస్ సంగతి డాక్టర్లు బాగా చెప్పలేదు" అన్నాడు. మాతో కాదు, బ్రష్షుతో. లోయిస్ ఆయన భార్య. లైల్ తన నూనె సీసాని ఆయన వైపు జరిపాడు. మా ఊళ్లో అంతకంటే పెద్ద ఓదార్పు లేదు.

లోయిస్ ఏప్రిల్లో చనిపోయింది.

ఆ తర్వాత బల్ల దగ్గర ఏం జరిగిందో చెప్పనా? శుభ్రం వచ్చింది. పోటీ అవగానే ఒక పీలిక దూర్చడం, తెల్లగా రావడం, తుపాకి సంచిలో పెట్టడం, "మరి వస్తా" అనడం. వాళ్లు లేచాక పాత మందువాళ్లకూ కూర్చోబుద్ధి కాక, తోముడు ఇంటికి పట్టుకెళ్లేవాళ్లు. అందరి పికప్ ట్రక్కులూ వరసగా స్టార్ట్ అయ్యేవి. అంత తొందరగా ఇంటికెళ్లి ఏం చేస్తారయ్యా? టీవీ ముందు కూర్చుని నిద్రపోతారు! ఆ నిద్రేదో బల్ల దగ్గర పోతే కాఫీ అయినా దక్కుతుంది కదా!

దీని మీద కమిటీ వారు ఇంకో అడుగు ముందుకేశారు. ఆదివారం మీటింగులో మందుతో పాటు ఇంకో అంశం మీద కూడా ఓటుందట. తోముడు పనే లేనప్పుడు బల్ల ఎందుకు, తీసేసి ఆ చోట కూల్‌డ్రింకుల మెషీన్ పెడదాం అని. మెషీన్ చుట్టూ జనం మూగి కష్టసుఖాలు చెప్పుకుంటారని వాళ్ల ఊహ కాబోలు! బటన్ నొక్కితే ఓదార్పు కింద పడుతుందా?

పోయిన గురువారం నేను కూడా అందరితో పాటే బయటపడి, గ్లవ్స్ మర్చిపోయి వెనక్కి వెళ్లాను. బల్ల దగ్గర ఆర్విన్ ఒక్కడే ఉన్నాడు. ఆయన కాల్చింది కూడా కొత్త మందే. రివాల్వరు విప్పి పెట్టుకుని, గొట్టంలో బ్రష్షు పెట్టి తోముతున్నాడు. పక్కన పీలికలు కుప్పగా ఉన్నాయి. అన్నీ తెల్లగా ఉన్నాయి.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఇంకా అవలేదా, ఆర్విన్?"

"లేదోయ్. ఏదో మిగిలినట్టే ఉంది."

పీలిక తీసి లైటు కింద పెట్టి చూశాను. మంచు కూడా అంత తెల్లగా ఉండదు.

"అవును సుమా. ఈ అంచున చూడు, నల్లగా లేదూ?"

"నాకూ అదే అనుమానంగా ఉంది" అన్నాడు ఆయన.

ఇద్దరం ఆ అంచు వంక శ్రద్ధగా చూస్తుంటే వెనక తలుపు చప్పుడైంది. డ్వేన్! ఈ నెల తాళం వేసే డ్యూటీ అతనిది. ఇంక అయిపోయాం అనుకున్నాను. తన మందు మసి పెట్టిందని ఎవరైనా అంటే డ్వేన్ ఊరుకుంటాడా? వచ్చి నా చేతిలో పీలిక లాక్కున్నాడు. లైటుకి అడ్డం పెట్టాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఆర్విన్ వంక చూశాడు. మళ్లీ పీలిక వంక చూశాడు. నలభై ఏళ్లు పాల ట్యాంకర్లకు తీర్పు చెప్పిన మొహం అది.

"ఇదేం శుభ్రం?" అన్నాడు. "ఇలా వదిలేస్తే ఎలాగయ్యా? ఇంకో గంట పడుతుంది."

తాళాలు బల్ల మీద పెట్టి, కోటు విప్పి, ఆర్విన్ పక్కన కూర్చుని, జేబులోంచి తన గుడ్డ తీశాడు.

ముగ్గురం ఒక్క రివాల్వర్‌నే పంచుకుని తోమాం. తర్వాత ఆర్విన్ చక్రం వంక చూస్తూ అన్నాడు.

"ఇంట్లో తలుపు దగ్గర లోయిస్ మంచు బూట్లు ఇంకా అలాగే ఉన్నాయి. మా కోడలు తీసేద్దామంటోంది."

డ్వేన్ తలెత్తలేదు. "ఉండనీ. అవేమన్నా తిండి అడుగుతున్నాయా?"

ఆర్విన్ నవ్వాడు. ఏప్రిల్ తర్వాత ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు. ఆ తర్వాత లోయిస్ గురించి చాలాసేపు చెప్పాడు. కాఫీ పెట్టాం. ముందు చేతులు కడుక్కున్నాం లెండి.

కాబట్టి సభ్యులారా, పైన రాసిందంతా వెనక్కి తీసుకుంటున్నాను. మీకిష్టమైన మందుకి ఓటెయ్యండి. శుభ్రమైనదే తెప్పించుకోండి, నా ఊపిరితిత్తులు కూడా మీకు రుణపడి ఉంటాయి. నా గొడవ మసితో కాదు. ఇంటి దగ్గర ఎవరో ఒకరు ఉన్నారు కాబట్టి తొందరగా వెళ్లిపోయే మనతో. రెండో అంశానికి మాత్రం చేతులెత్తకండి. బల్ల ఉండాలి.

ఇక చివరి మాట. ఆ సాయంత్రం ట్రక్కు ఎక్కబోతుంటే డ్వేన్ నా కోటు పట్టుకుని ఆపాడు. "ఇదంతా నీ పేపర్లో రాశావో, చంపుతా. నా మందు మీద నేనే మచ్చ వేసుకున్నానని ఊరంతా నవ్వుతుంది" అన్నాడు. స్నేహితుడి మాట కొట్టిపారెయ్యలేను. అందుకే అందరికీ తెలిసేలా ప్రకటిస్తున్నాను: తెల్లటి పీలిక చూసి మసి ఉందని చెప్పినవాడు డ్వేన్ హ్యాకర్ట్ కాడు. అలాంటి అబద్ధం ఆయన చచ్చినా ఆడడు. వచ్చే గురువారం ఆయన బల్ల దగ్గర కనిపిస్తే, ఎందుకున్నావని అడక్కండి. ఓ కుర్చీ లాక్కుని మీరూ తోమండి.