అత్తిబెలె బస్టాపు అమ్మాయి

ఆ ఆదివారం పొద్దున శశిధర్ పెట్టుకున్నది చిన్న పనే. పదింటికి ఎఫ్ఎం స్టేషన్‌కు వెళ్ళి, తన బ్యాండు ప్రేమ పాట ఎలా పుట్టిందో రెండు ముక్కలు చెప్పి, భోజనం వేళకు ఇల్లు చేరుకోవడం. వారమంతా అతను బొమ్మసంద్ర ఫ్యాక్టరీలో ఇంజనీరు, సెలవు రోజుల్లో గిటారిస్టు. జానపద బాణీకి డ్రమ్స్, గిటార్లు తగిలించిన ఆ పాట నెల తిరక్కుండానే బెంగళూరు తెలుగువాళ్ళ ఫోన్లలోకి ఎక్కేసింది.

"యాడికి పోతివి నన్నిడిసి, నీ ఊపిరి తగలక నిద్దర రాదు" అనే పల్లవి నిజానికి అతనిది కాదు. ఫ్యాక్టరీ పక్కన కట్టడం పనిలో ఇటుకలు మోసే హనుమక్క పాడుకుంటుంటే విని, అడిగి తీసుకున్నాడు. ఆ మాటే చెబుదామని బయల్దేరాడు కూడా. కానీ యాంకరు, ఇంత విరహం ఊరికే పుట్టదు, ఆ అమ్మాయి ఎవరని గోముగా అడిగేసరికి నోరు అదుపు తప్పింది. ఏడేళ్ళ కిందట అత్తిబెలె బస్టాపులో, వానలో, ఆకుపచ్చ చుడీదారులో ఒక అమ్మాయి కనిపించిందనీ, హోసూరు బస్సెక్కి మాయమైందనీ చెప్పాడు. చెబుతున్నకొద్దీ అతనికే అది నిజమనిపించసాగింది.

ఇంటికొచ్చేసరికి పొయ్యి వెలగలేదు. రేడియో విన్న భార్య కిరణ్మయి సోఫాలో కూర్చుని వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెడుతోంది.

"ఏడేళ్ళ కింద మనకి ఎంగేజ్‌మెంట్ అయిపోయింది కదా?"

ఆ అమ్మాయి నువ్వేనన్నాడు. తను అత్తిబెలెలో బస్సే దిగలేదంది. సరే, అంతా కల్పించానన్నాడు. కల్పనకి చుడీదారు రంగు కూడా ఉంటుందా అంది. ఇంతలో స్టేషన్ నుంచి ఫోను. ఆ అమ్మాయి నేనేనంటూ ముగ్గురు ఫోన్ చేశారట, వచ్చే ఆదివారం స్టూడియోలో కలిపిస్తారట. ఖర్మకొద్దీ ఫోను స్పీకరులో ఉంది. కిరణ్మయి లేచి సూట్‌కేసు కిందికి దించింది.

ఇక నిజమే గతి అయింది. హనుమక్క సంగతి చెప్పి, బతిమాలి, భార్యను హెబ్బగోడిలోని హనుమక్క అద్దె గదికి తీసుకెళ్ళాడు. గుమ్మంలోనే ఆమె మొగుడు తిరుపాలు ఎదురై, విషయం విని మీసం సవరించుకున్నాడు.

"పాట మా ఆడదాందేనమ్మా. పెండ్లయినప్పట్నుంచి నా మిందనే పాడతా ఉండాది."

శశిధర్‌కు ప్రాణం లేచొచ్చింది. కిరణ్మయి మాత్రం ఆ పూట మగవాళ్ళ మాట నమ్మే స్థితిలో లేదు. లోపలికెళ్ళి, బియ్యం ఏరుతున్న హనుమక్కనే అడిగింది.

హనుమక్క తలెత్తలేదు. "ఈయప్ప మిందనా? మా ఎనుము మింద కట్న్యానమ్మా. మేత లేక మా నాయన అమ్మేసె. చిన్నప్పుడు దాని పక్కనే పండుకుంటాంటి."

కొంగుతో కళ్ళొత్తుకుంది. కిరణ్మయి ఆమె పక్కన చతికిలబడి, ఆ గేదె పేరేమిటని అడిగింది. కాళి అని చెప్పింది హనుమక్క. కాసేపటికి కిరణ్మయి మొగుడి వైపు తిరిగి, "కాళికి ఆకుపచ్చ చుడీదారా?" అంటూనే నవ్వు ఆపుకోలేక గోడకు చేరగిలబడింది.

మరుసటి ఆదివారం కిరణ్మయే మొగుణ్ణీ హనుమక్కనీ స్టూడియోకు నడిపించింది. శశిధర్ అబద్ధం ఒప్పుకున్నాడు. హనుమక్క ఏ వాయిద్యమూ లేకుండా పాడితే యాంకరు ఏడ్చేసింది. పాట రచన దగ్గర ఇప్పుడు హనుమక్క పేరే ఉంది.

తిరుపాలు మాత్రం ఆ రోజు నుంచి టీలో గేదె పాలు పోయించుకోవడం లేదు.