ఇద్దరికి సరిపడా ఉసిరికొమ్మ

శనివారం పొద్దున్న ఆరింటికి, దుకాణం షట్టరు ఎత్తకముందే, ముసలయ్య భార్యతో ఒక ఒప్పందానికి వచ్చాడు. మర్నాడు తొమ్మిదింటికి ఇద్దరూ స్కూటరు మీద డిమ్నా చెరువుకు వెళ్తారు. మూడు గిన్నెల క్యారియరు, ఒక దుప్పటి, ఒక నీళ్ళ సీసా. గట్టున కూర్చుని తిని, కాసేపు పెడల్ బోటులో తిరిగి, పొద్దుగూకే లోపల ఇంటికి వచ్చేస్తారు. అవతలి పక్షం పెట్టిన షరతు ఒక్కటే.

"మూడో మనిసి ఉండకూడదు," అంది జోగమ్మ.

"మూడో మనిసి ఎవులుంతారే?"

"ఇరవైమూడేళ్ళ బట్టీ మనిద్దరం కూకుని ఒక్క పూట తిన్నావేటి? నోట్లో ముద్ద పెట్టగానే కిందనించి ఎవుడో మేకులు గావాలంటాడు. నువ్వు ఎంగిలి సేత్తోనే దిగిపోతావు. రేపు కూడా అలాగే అయితే సోమవారం పొద్దున్న రైలెక్కి పలాస మా సెల్లి దగ్గిరికి ఎల్లిపోతాను. టిక్కెట్టు తీసీసేను."

"తిరుగు టిక్కెట్టో?"

"అది తియ్యలేదు."

ఉత్తరాది ఫ్యాక్టరీ ఊళ్ళో, భుయ్యాడీహ్ అనే పేటలో ముసలయ్యది హార్డ్‌వేర్ దుకాణం. కింద మేకులు, తాళాలు, రంగు డబ్బాలు, పైన కాపురం. వ్యాపారం అతనికి నేర్పిన సంగతి ఒకటుంది. కౌంటరు గుద్ది అరిచే మనిషి మర్నాడు మళ్ళీ వస్తాడు. నెమ్మదిగా మాట్లాడి సంచి సర్దుకున్నవాడు ఇక రాడు. జోగమ్మ ఆ పొద్దున్న చాలా నెమ్మదిగా మాట్లాడింది.

అతను మెట్లు దిగుతూండగా ఆమె ఇంకొక్క మాట అంది. కార్తీకమాసం కాబట్టి ఉసిరి నీడలో తింటే బాగుంటుందని. చెరువు గట్టున ఉసిరిచెట్టు ముసలయ్య ఎరిగినంతలో లేదు. వెతుక్కుంటూ అడవిలోకి వెళ్తే దల్మా కొండ మీది ఏనుగులున్నాయి. చెట్టు దగ్గరికి మనిషి వెళ్ళడం కంటే మనిషి దగ్గరికి చెట్టును తీసుకెళ్ళడం చవక అని లెక్క కట్టి, అతను నాలుగిళ్ళ అవతలున్న భుజంగరావు గారి పెరటికి బయలుదేరాడు.

భుజంగరావు గారు ఫ్యాక్టరీలో మేనేజరుగా చేసి రిటైరయ్యారు. వీధిలోని తెలుగువాళ్ళకు ఆయన మాటే చట్టం. ఏటా కార్తీక వనభోజనాలకు ఉసిరికొమ్మ ఆయన పెరట్లోంచే వెళ్తుంది. కొమ్మ అడిగినవాడే ఆ ఏటి వనభోజనాలకు పెద్ద. వంట దగ్గర నిలబడేదీ, అందరికీ వడ్డించేదీ, చివర గుండిగలు తోమించేదీ అతనే. ఈ ఆచారం వీధిలో ముసలయ్యకు తప్ప అందరికీ తెలుసు. ఆదివారం దుకాణం మూయలేక అతను ఒక్క ఏడూ వనభోజనాలకు వెళ్ళలేదు.

"బాబుగారూ, ఉసిరికొమ్మ ఒకటి గావాల," అన్నాడు.

భుజంగరావు గారు పేపరు పక్కన పెట్టి కళ్ళజోడు సవరించుకున్నారు. "ఈ ఏడు నువ్వా, ముసలయ్యా?"

"నానే బాబుగారూ."

"రెండేళ్ళుగా ఒక్కడూ తనంతట తానుగా ముందుకు రాలేదయ్యా. నువ్వొచ్చావు. చాలా సంతోషం."

ఒక కొమ్మకు అంత సంతోషం దేనికో ముసలయ్యకు అర్థం కాలేదు. ఉచితంగా వచ్చే సరుకు గురించి ప్రశ్నలు వేయడం అతని పద్ధతి కాదు. మూరెడు కొమ్మ అడుగుదామని వెళ్తే, ఆయన తోటమాలిని పిలిచి మనిషెత్తు కొమ్మ కొట్టించారు.

అది ఈడ్చుకుంటూ దుకాణానికి చేరేసరికి జేబులో ఫోను తేనెపట్టులా మోగుతోంది. వీధి వాట్సాప్ గ్రూపులో భుజంగరావు గారు ప్రకటించేశారు: 'రేపు డిమ్నాలో వనభోజనాలు. పెద్ద: మన ముసలయ్య.' కింద దండాలు, పువ్వులు, చప్పట్లు. సంగతి అప్పుడు తెలిసింది ముసలయ్యకు.

'మేమిద్దరమే వెళ్తున్నాం' అని టైపు చేశాడు. పంపేముందు దండాలు పెట్టినవాళ్ళ పేర్లు ఒకసారి చదివాడు. ఏడాది పొడుగునా రంగు డబ్బాలు కొనే కాంట్రాక్టరు జయప్రకాష్ ఉన్నాడు. వీధిలో తాళం పోయినా గడియ విరిగినా తన దుకాణానికే వచ్చేవాళ్ళు అందరూ ఉన్నారు. టైపు చేసింది చెరిపేశాడు. పదిమంది వస్తే రానీ, చెరువు పెద్దది, మనం అవతలి గట్టున కూర్చుందాం అనుకున్నాడు. పది ఇరవై అయినప్పుడు, ఇరవైమందిలో ఇద్దరు కనబడకపోతే ఎవరు చూస్తారులే అనుకున్నాడు. సాయంత్రానికి జయప్రకాష్ రెండు టెంపోలు పంపుతానన్నాడు. భుజంగరావు గారి భార్య కుసుమకుమారి పులిహోర, ముద్దపప్పు, వంకాయకూర, పరమాన్నం అని తీర్మానించింది. జోగమ్మకు చెప్పాలని ముసలయ్య మూడుసార్లు మెట్లెక్కి, మూడుసార్లూ దిగివచ్చాడు.

ఆదివారం పొద్దున్న జోగమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, క్యారియరు పట్టుకుని కిందికి దిగింది. వీధిలో రెండు టెంపోలు, నాలుగు గుండిగలు, నలభైమంది మనుషులు, ముందు టెంపో నెత్తిన ఒక చెట్టు.

"ఏటిది?" అంది.

"కొమ్మే. నువ్వడిగేవు గదా."

"కొమ్మ కనబడతంది. దాని కింద ఈ ఊరేటి?"

అంతలో కుసుమకుమారి ఆమె చెయ్యి పట్టుకుని టెంపోలోకి లాగింది. "రా జోగమ్మా, పెద్దగారి పెళ్ళానివి, ముందు సీటు నీదే." జోగమ్మ ఎక్కింది. దెబ్బలాడి ఉంటే ముసలయ్యకు కొంచెం ధైర్యంగా ఉండేది.

డిమ్నాలో దిగగానే పిల్లలు ఆకలన్నారు. కుసుమకుమారి క్యారియరు విప్పి, ఇద్దరి కోసం చేసిన గారెలు తొమ్మిదిమంది పిల్లలకు పంచేసింది. కొమ్మను గట్టున పాతారు. పొయ్యి ముసలయ్యకు అప్పగించారు, వంకాయలు జోగమ్మకు అప్పగించారు. పొగలో అతను కళ్ళు తుడుచుకుంటూంటే భుజంగరావు గారు కుర్చీలోంచి, "పెద్దరికం అంటే అదేనయ్యా," అన్నారు.

పన్నెండింటికి ముసలయ్య పొయ్యి వదిలి, కళ్ళతోనే సైగ చేసి, జోగమ్మను బోటు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఒక కాలు బోటులో పెట్టాడు కూడా.

"ముసలయ్యా, పప్పు అడుగంటుతోంది," అని గట్టు మీంచి కుసుమకుమారి పిలిచింది.

ఒంటిగంటకు మళ్ళీ వెళ్ళారు. ఈసారి ఉప్పు కనబడలేదని పిలిచారు. రెండింటికి భుజంగరావు గారి మనవరాలు నేహ ఎదురొచ్చి, "అంకల్, ఫోన్ దీజియే నా, మీ కెమెరా అచ్ఛా హై," అని ఫొటోల కోసం ఫోను పట్టుకుపోయింది. ఆ వెనకే నలభై విస్తళ్ళు వేశారు. పెద్ద వడ్డించాలి, పెద్ద భార్య మారు వడ్డించాలి, ఇద్దరూ ఆఖరున తినాలి. మూడున్నరకు బోటువాడు బోట్లు గొలుసుకు కట్టేసి తాళం వేశాడు. ఆ తాళం ముసలయ్య అమ్మిందే. ఎంత గట్టిదో అతనికి తెలుసు.

అతను గుండిగ పట్టుకుని గట్టు కిందికి దిగి, నీళ్ళ దగ్గర ఇసకతో తోమడం మొదలెట్టాడు. లెక్క చూసుకుంటే, పొద్దుటినుంచి భార్యతో మాట్లాడిన మాటల కంటే ఆ గుండిగ గీరిన గీతలే ఎక్కువ. కాసేపటికి జోగమ్మ దిగివచ్చి వెనక నిలబడింది.

"రేపు ఎల్తన్నాను. సెప్పి ఎల్దావని వచ్చేను."

"తప్పు నాదేనే."

"నీదే."

ఆ సమయంలోనే పైన గట్టు మీదికి అడవిశాఖ గార్డు ఒకడు సైకిలు మీద వచ్చి, కొండ మీంచి ఏనుగులు దిగాయనీ, జల్దీ ఖాళీ చెయ్యమనీ అరిచాడు. ఆ కేక కింద ఉన్న ఇద్దరికీ వినబడలేదు. ముందు టెంపోవాళ్ళు ముసలయ్య దంపతులు వెనక టెంపోలో ఉన్నారనుకున్నారు. వెనకవాళ్ళు ముందు టెంపోలో అనుకున్నారు. ఇద్దరూ తోమిన గుండిగ మోసుకుంటూ పైకి ఎక్కేసరికి గట్టు మీద దుమ్ము, విస్తళ్ళు, తోమని చిన్న గుండిగ ఒకటి, వంగిపోయిన ఉసిరికొమ్మ మిగిలాయి.

ముసలయ్య జేబు తడుముకున్నాడు. ఫోను నేహ దగ్గరుంది. తిరిగి వస్తున్న గార్డు వీళ్ళను చూసి బ్రేకు వేశాడు. "డరో మత్, హాథీ ఉస్ పార్ చలా గయా," అని, ఏనుగులు అటు దాటిపోయాయి భయం లేదన్నట్టు చేత్తో అవతలి పొలాలు చూపించి వెళ్ళిపోయాడు.

చెప్పకుండా వెళ్ళిపోయిన నలభైమంది కస్టమర్లనూ, వెళ్తానన్న పెళ్ళాన్నీ ఒక్కరోజులో పోగొట్టుకున్నానని ముసలయ్య కొమ్మ పక్కన కూలబడ్డాడు. జోగమ్మ చిన్న గుండిగలోకి తొంగిచూసింది. అడుగున పులిహోర ఉంది. విస్తరాకు దులిపి, అందులోకి గీరి, ఇద్దరి మధ్యా పెట్టింది.

"తిను."

తిన్నారు. నీళ్ళ మీద ఎండ పచ్చబడింది. ఎవరూ మేకులు అడగలేదు.

"ఉప్పు ఎక్కువేసేవు," అంది చివరికి.

"పొగలో కనబడలేదే."

జోగమ్మ నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో ముసలయ్యకు లెక్క దొరకలేదు.

"రేపు ఎల్తావేటి?"

"ఎల్లాలా అని ఆలోసిత్తన్నా," అంది ఆమె, ఇంకో ముద్ద కలుపుతూ.

అప్పుడు హారను మోగింది. టెంపో వెనక్కి వచ్చి గట్టు మీద ఆగింది. కుసుమకుమారి తల బయటపెట్టింది. "జోగమ్మా, మీరిక్కడున్నారేమిటి? సరే, మా పెద్ద గరిటె కనబడిందా?"

వెనకనుంచి భుజంగరావు గారు అన్నారు: "వంటలతో పొద్దుపోయి, పైగా ఏనుగులొచ్చి ఎవరికీ బోటు షికారు కుదరలేదయ్యా. వచ్చే ఆదివారం మళ్ళీ వస్తున్నాం. నువ్వే పెద్ద, ముసలయ్యా. అందరూ ఒప్పుకున్నారు."

జోగమ్మ చేతిలో ముద్ద విస్తట్లో పెట్టేసి లేచింది. "రేపు పొద్దున్న రైలు ఏడింటికి," అంది మెల్లగా, మొగుడికి మాత్రమే వినబడేలా. "ఆటో సెప్పు."

"ఇద్దరికీ సెప్తాను," అన్నాడు ముసలయ్య, అంతకంటే మెల్లగా.

సోమవారం పొద్దున్న రైలు పలాస వైపు పోతూండగా, భుయ్యాడీహ్‌లో దించి ఉన్న షట్టరు మీద 'లోపల స్టాకు లెక్క జరుగుతోంది, దయచేసి పిలవవద్దు' అని కాగితం అంటించి ఉంది.