దుప్పటి నేత విమానం

"చొప్పదండి గడ్డ మీద పుట్టిన ఏ రహస్యమూ నా కంటిని తప్పించుకొని బతకలే!" అని ప్రకటించాడు, దుప్పట్లు నేస్తూనే తనను తాను డిటెక్టివ్‌నని చెప్పుకునే సదానందం. విన్నది సుల్తాన్ బీ ఒక్కతే. మరమగ్గాల మోతలో మాట వినపడదని, వాటిని ఆపి మరీ ప్రకటించాడు.

సుల్తాన్ బీ సంచిలోంచి ఫొటో తీసింది. "అన్నా, గీ విమానం ఏ దేశపుదో చెప్తే చాలు. మా భాయిజాన్ ఆడనే ఉంటడు."

నలభై ఏళ్ల కిందట ఆమె అన్న జబ్బార్, దుబాయ్ పోతున్నానని ఊరంతా చాటి వెళ్లాడు. రెండు నెలలకు, పోస్టు ముద్ర అలుక్కుపోయిన కవర్లో ఈ ఫొటో వచ్చింది. రెండంతస్తుల రెక్కల విమానం, దాని ముందు రొమ్ము విరుచుకొని జబ్బార్. వెనక 'క్షేమంగా చేరిన' అని రాత. అంతే, మళ్లీ కబురు లేదు. దుబాయ్ పోయిన ప్రతి ఒక్కరినీ అడిగింది. ఎవరూ చూడలేదన్నారు. ఇప్పుడామెకు అరవై నాలుగేళ్లు. తాను కూడా పోతే ఆయన్ని వెతికేవాళ్లెవరన్నదే ఆమె దిగులు.

ఫోన్లో పాత విమానాలు చూసి గుర్తుపట్టడం సదానందానికి కొత్తగా అబ్బిన విద్య. మొన్ననే ఒక పెళ్లి ఫొటోలోని సీలింగ్ ఫ్యాన్‌ను ఫ్రెంచి విమానమని తేల్చాడు. ఇప్పుడు పోగులు లెక్కపెట్టే భూతద్దం తీసి ఫొటో మీద వంగాడు.

"దొరికింది! రెక్క గుడ్డది. మొదటి ప్రపంచ యుద్ధంల రెక్కలకు గుడ్డనే తొడిగేటోళ్లు. నేత చూస్తే అచ్చం మన దుప్పటి! అంటే ఏంది? జర్మనోళ్లకు గుడ్డ కరువై మన దుప్పట్లు కొన్నరు!"

"మరి గది దుబాయ్‌ల ఎందుకున్నది?"

"సెకండ్ హ్యాండ్‌ల కొన్నరు," అన్నాడు తడుముకోకుండా.

నిజం తేల్చే నిపుణులు హైదరాబాద్‌లో ఉంటారని మర్నాడు ఆమెను పెద్దపల్లి స్టేషన్‌కు తీసుకుపోయాడు. బండి రాగానే, "డిటెక్టివ్ రైలు పేరు అడగడు చెల్లె, పసిగడతడు!" అని ఎక్కించాడు. గుట్టలు దాటి, అడవి దాటి, బండి కాగజ్‌నగర్‌లో ఆగింది.

"అన్నా, గిది పట్నం తీరు లేదు."

"శత్రువులు వెంబడిస్తుండ్రు. వాళ్లను దారి తప్పించిన."

తిరుగు బండికి రెండు గంటలుంది. స్టేషన్ బయట, వెలిసిన పరదా నీడన ఉన్న చాయ్ బండి దగ్గర కూర్చున్నారు. సదానందం గంభీరంగా వెనక్కి వాలి వెదురు గుంజకు ఆనుకున్నాడు. గుంజ పటుక్కుమంది. పరదా అంతా ఆయన మీద పడింది.

"చెల్లె, ఉచ్చు!" అని లోపల్నుంచి అరిచాడు. మరుక్షణం, "అరె, గిది గూడ దుప్పటి నేతే!" అన్నాడు.

పొయ్యి దగ్గరి ముసలాయన గరిటె ఎత్తి వచ్చాడు. "ఎవడ్రా నా విమానాన్ని కూల్చింది?"

సుల్తాన్ బీ చాయ్ గ్లాసు కింద పెట్టి లేచింది. గొంతు ముసలిదైంది గానీ ఆ దబాయింపు మారలేదు. వంగి పరదా అంచు తిప్పి చూసింది. రంగు వెలిసిన రెండంతస్తుల రెక్కలు.

"భాయిజాన్?"

గరిటె గాలిలోనే ఆగింది. "సుల్తాన్?"

ఏజెంటు బొంబాయిలో వదిలేసి పారిపోయాడట. ఇంటికి రాలేక ఇక్కడి ఫొటో స్టూడియోలో పరదాలకు బొమ్మలు వేశాడట. తానే వేసిన విమానం ముందు తానే నిలబడి ఫొటో దిగి ఇంటికి పంపాడు. స్టూడియో మూతపడ్డాక ఆ పరదానే నీడకు కట్టుకున్నాడు.

ఆమె ఆయన భుజం మీద రెండు వేసింది. "గింత దగ్గరుండి, ఒక్కసారన్న రాలేకపోయినవా?"

"విమానంల పోయినోన్ని. బస్సుల దిగితే ఊరోళ్లు నవ్వరా?"

"నవ్వేటోళ్లందరు పోయిండ్రు భాయిజాన్. నేనొక్కదాన్నే మిగిలిన."

"నేను మొదట్నుంచీ అనుకున్న..." అంటూ సదానందం పరదాలోంచి తల బయటపెట్టాడు. ఎవరూ అటు చూడలేదు.

జబ్బార్ పొయ్యి మీద నీళ్లు చల్లాడు. "రైల్ల కిటికీ పక్కకు నేను కూసుంట," అన్నాడు.

"చూద్దాం తియ్," అంది సుల్తాన్ బీ, ఆయన చెయ్యి మాత్రం వదలకుండా.