కులాసాగా ఉన్న ఇనప్పెట్టె

రేగులవలస కాపురస్తులు, రైతు ప్రముఖులు, కీర్తిశేషులు సూరయ్యనాయుడు గారి ఇనప్పెట్టె కులాసాగా ఉందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. నాయుడు గారు పోయారు. అది వేరే సంగతి. అరవైతొమ్మిది ఆషాఢంలో, జ్వరం తగిలి, ఎవరికీ పెద్దగా శ్రమ ఇవ్వకుండా పోయారు. పరామర్శకు వచ్చిన పెద్దలు అరుగు మీద కూర్చుని ఆయన మంచితనం గురించి ఒక మాట, పెట్టె గురించి పది మాటలు మాట్లాడుకుని, లేస్తూ లేస్తూ ఆ గది వైపు దిగులుగా చూసి వెళ్లారు.

ఆ పెట్టె సామాన్యమైనది కాదు. జమీందారీలు రద్దయినప్పుడు పక్క ఎస్టేటు కచేరీ సామానంతా వేలం వేశారు. కుర్చీలు ఒకరు, గోడ గడియారం ఒకరు పాడుకున్నారు. నిలువెత్తు ఇనప్పెట్టెను మాత్రం ఎవరూ పాడలేదు. అది తాళం వేసి ఉంది, తాళంచెవి లేదు. దివాను గారు దాన్ని ఎక్కడ పెట్టారో మరచిపోయి, గుర్తు చేసుకునే ప్రయత్నంలోనే కాలం చేశారు. సూరయ్య దాన్ని పాత ఇనుము ధరకు పాడుకుని బండికెత్తించాడు. పొలిమేరలో బండి ఇరుసు విరిగింది. బండి ఇరుసు విరిచిన పెట్టెలో ఏమీ లేదంటే ఏ ఊరు ఒప్పుకుంటుంది? ఊరు ఊరంతా వచ్చి, తాళ్లు కట్టి, భుజాలు పట్టి, దాన్ని ఇంటికి చేర్చింది.

ఉదయం బండి తోలుకుని వెళ్లినవాడు సూరిగాడు. సాయంత్రం పెట్టెతో తిరిగి వచ్చినవాడు నాయుడుబాబు. మర్నాటి నుంచి ఊరి తగవులన్నీ ఆయన అరుగు మీదకే వచ్చాయి. చేబదులు అడిగినవాళ్లతో ఆయన "సూద్దాం" అని పెట్టె గది వైపు చూసేవారు. అడిగినవాడు ఉత్త చేతులతోనే వెళ్లేవాడు, కాని నమస్కారం పెట్టి మరీ వెళ్లేవాడు. ఒకసారి పెట్టె తెరిపిద్దామని కమ్మరిని పిలిపించారు గాని, వాడు గడప దాటకముందే వెనక్కి పంపేశారు. మూసిన పెట్టెకు ఉన్న పరపతి తెరిచిన పెట్టెకు ఉంటుందా అని ఆయనకు సకాలంలో అనుమానం వచ్చింది. అప్పటి నుంచి శుక్రవారం శుక్రవారం గది తలుపు వేసుకుని పెట్టెకు సాంబ్రాణి వేసి, మొలకున్న ధాన్యపు గది తాళాలు గలగలలాడించి బయటికి వచ్చేవారు. మా ఊరికి అంతకు మించిన రుజువు అవసరం లేకపోయింది.

ఈ సంగతంతా తెలిసిన మనిషి ఒక్కతే, ఆయన భార్య లక్ష్మణమ్మ. పదోరోజు కర్మ ముగిసి, బంధువులు భోజనాల దగ్గర నుంచి లేవగానే కొడుకులిద్దరూ తల్లి ముందు నిలబడ్డారు. పెద్దవాడు జగన్నాధం శ్రీకాకుళంలో బియ్యం మిల్లులో వాటాదారు. చిన్నవాడు కొండబాబు ఇంటి దగ్గరే ఉండి వ్యవసాయం చేయిస్తుంటాడు, అంటే చేసేవాళ్లను చూస్తుంటాడు. తాళంచెవి ఇమ్మన్నారు.

"తాళమేటిరా? ఆ పెట్టికి తాళంసెవే నేదు. కొన్నకాడి నుంచి మీ అయ్య దాన్ని తెరిసిన పాపాన పోనేదు. అందులో ఏటీ నేదు. మీ పెట్టి జోలి నాకొద్దు. మా అయ్య పసుపుకుంకుమకిచ్చిన ఎకరం పల్లం నాకు సాలు. ఆ గట్టు మీద పాకేసుకుని పడుంటాను" అంది లక్ష్మణమ్మ.

ఇంత సూటిగా చెప్పిన మాటను నమ్మేంత అమాయకులు ఆ ఇంట్లో లేరు. అమ్మ దుఃఖంలో మతి తప్పి మాట్లాడుతోందని పెద్దకొడుకు అన్నాడు. కూతురికి పెట్టడానికి దాస్తోందని చిన్నకొడుకు అన్నాడు. దినవారాలకు కొత్తవలస నుంచి వచ్చిన కూతురు తాయారు, తన వాటా ఎగ్గొట్టడానికి అన్నలే ముసలిదాని చేత అలా చెప్పిస్తున్నారని కళ్లు తుడుచుకుంది. ఏమీ లేని పెట్టె గురించి ఇంత గట్టిగా ఏమీ లేదంటున్నదంటే లోపల చాలానే ఉండాలని ముగ్గురూ విడివిడిగా నిశ్చయించుకున్నారు.

వెంటనే గునపం తెచ్చి బద్దలు కొట్టి ఉంటే కథ ఆ పూటతో అయిపోయేది. కాని జగన్నాధం దూరదృష్టి గలవాడు. అవి కొండల మీద గొడవలు జరుగుతున్న రోజులు. షావుకార్ల ఇళ్ల మీద, పెద్ద రైతుల ఇళ్ల మీద దళాలవాళ్లు పడుతున్నారని రోజుకొక కబురు. పలుకుబడి ఉన్నవాళ్లు ఇంటికి పోలీసు కాపలా పెట్టించుకుంటున్నారు. కాపలా లేని ఇల్లు దోపిడీకి కూడా పనికిరాని ఇల్లని పేరు పడుతోంది. పక్క ఊరి షావుకారుకు ఇద్దరు లాఠీల వాళ్లు వచ్చారని విన్న రాత్రి జగన్నాధానికి నిద్ర పట్టలేదు. మర్నాడే అర్జీ పెట్టాడు. 'మా తండ్రిగారి ఇనప్పెట్టెలో గల సొత్తుకు విలువ కట్టుట ఎవరి తరమూ కాదు' అని అందులో రాశాడు. ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

హెడ్డు కానిస్టేబులు నరసింగరావు నాయకత్వాన తుపాకుల వాళ్లే వచ్చారు. ఊరు పరవశించింది. పంచాయతీ ప్రెసిడెంటు గణపతిరావు గారు వారికి దండలు వేసి, "సోదర సోదరీమణులారా! మన గ్రామంలో బడికి కప్పు లేదు, నిజమే. మంచినీళ్ల బావి పూడిపోయింది, అదీ నిజమే. అయినా దోచుకోదగ్గ ఇల్లంటూ ఒకటుందని ప్రభుత్వం వారు ఈనాడు గుర్తించారు. ఇది సూరయ్యనాయుడు గారి గౌరవం కాదు, మనందరి గౌరవం!" అని ఉపన్యసించారు. దోచుకోవడానికి ఏమీ లేని వాళ్లంతా చప్పట్లు కొట్టారు.

కాపలావారు ఏమీ అడిగేవారు కారు. ఊరికే అనేవారు. మొన్న షావుకారు గారింట్లో మేక కూర బాగుందనేవారు. కోడి కూతకు రాత్రి కునుకు పట్టలేదనేవారు. మర్నాడు ఆ కోడి కూసేది కాదు. దసరా నాటికి ఇంట్లో కోళ్లు, మేకలు, నేతి గిన్నె ఖాళీ అయ్యాయి. భర్త పోయిన దుఃఖాన్ని తలచుకునే తీరిక లక్ష్మణమ్మకు దొరకలేదు. తెల్లవారింది మొదలు పొయ్యి దగ్గరే ఉండేది. నిండుగా ఉన్న ఇల్లు నిండుకోవడం, నిండుకున్న పెట్టె క్షేమంగా ఉండడం ఆ ఇంట్లో ఏకకాలంలో జరిగాయి.

మరి కాపలా సాగాలి. దేన్నయినా అమ్మాలి. పెద్దవాడి వాటా భూమి మిల్లు అప్పులో ఉంది. చిన్నవాడి వాటా అతని భార్య ముట్టుకోనివ్వదు. కాబట్టి మిగిలింది తల్లి ఎకరం. తండ్రి సొత్తు కాపాడడం తల్లి ధర్మమని పురోహితుడు కూడా అన్నాడు. కొనడానికి ప్రెసిడెంటు గణపతిరావు గారే పెద్దమనసుతో ముందుకొచ్చారు. లక్ష్మణమ్మను బండిలో రిజిస్ట్రారు కచేరీకి తీసుకెళ్లారు.

"పెట్టిలో ఏటీ నేదురా నాయనా! మీ కాళ్లట్టుకుంటాను. నా పల్లం తియ్యకండ్రా" అంది ఆమె.

"పెట్టి తెరిసిన మర్నాడే నీ పేర రెండెకరాలు కొంటానమ్మా" అన్నాడు జగన్నాధం.

ఇష్టపూర్తిగానే అమ్ముతున్నారా అని గుమస్తా అడిగాడు. అన్నదమ్ములిద్దరూ ఒక్క గొంతుతో అవునన్నారు. వాళ్లిద్దరి మాటా కలవడం అదే మొదటిసారి. ముసలామె వేలు పట్టుకుని సిరాలో అద్దారు. రాస్తున్న నాకు కడుపు మండుతోంది గాని, నా కడుపుమంటను ఏ కచేరీ వారూ రిజిస్టరు చేయరు.

పంట పండే వేళకు పైనుంచి తాఖీదు వచ్చింది. సొత్తు ఏమిటో చూడనిదే ఇక కాపలా కొనసాగించబోమన్నారు. తప్పనిసరై ముహూర్తం పెట్టించి, శ్రీకాకుళం నుంచి తాళాలు బాగుచేసే గంగులును పిలిపించారు. గదిలో అన్నదమ్ములు, హెడ్డు, ప్రెసిడెంటు, ఒక మూలగా లక్ష్మణమ్మ. బయట ఊరంతా. కర్పూరం వెలిగించి, కొబ్బరికాయ కొట్టి, పూటంతా చెమటోడ్చాక పెట్టె మూలిగి తెరుచుకుంది.

లోపల మధ్య అరలో ఒక తాళంచెవి ఉంది. ఇంకేమీ లేదు. ఒక చెవి పోతే రెండోది ఉండాలని, అది పోకుండా భద్రమైన చోట ఉండాలని దివాను గారు జోడు చెవిని పెట్టెలోనే పెట్టి తాళం వేశారు. గంగులు దాన్ని కన్నంలో పెట్టి తిప్పాడు. వెన్నలా తిరిగింది.

ముందుగా హెడ్డు తేరుకున్నాడు. కాపలా ఎత్తేస్తే తాము వెళ్లాల్సిన కొండ కింద పోలీసు శిబిరంలో పప్పుచారు తప్ప మరొకటి ఉండదని ఆయనకు తెలుసు. కాగితం తీసి, 'పెట్టె తెరిచి పరిశీలించడమైనది. పెట్టెకు అత్యంత కీలకమైన వస్తువు లభించినది. తిరిగి తాళం వేయడమైనది. కాపలా అత్యవసరము' అని రాశాడు. ప్రెసిడెంటు సాక్షి సంతకం చేశారు. గంగులుకు కూలితో పాటు పంచె పెట్టి నోరు కట్టేశారు.

జగన్నాధం తలుపు తెరిచి, "అయ్య దయ వల్ల అంతా భద్రంగా ఉన్నాది" అన్నాడు. జనం జేజేలు కొట్టారు. అతని వెనకాలే లక్ష్మణమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఒట్టి పెట్టర్రా! ఏటీ నేదు. ఒట్టి పెట్టి కోసం నా సేను అమ్మీసినారు!"

జనం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. "ముసల్దానికెంత గడుసుతనమో సూడు! అంత సొమ్ము సూసొచ్చి కూడా ఎలా ఏడుస్తన్నాదో!" అని మెచ్చుకున్నారు.

ఇప్పుడు ఆ తాళంచెవి కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కారు. వాళ్ల గౌరవం మాత్రం దినదినాభివృద్ధి చెందుతోంది. తండ్రికి పెట్టె ఒక్కటే ఉండేది, కొడుకులకు తాళంచెవి కూడా ఉందని ఊళ్లో గొప్పగా చెప్పుకుంటున్నారు. లక్ష్మణమ్మ ప్రెసిడెంటు గారి పల్లంలోకి, అంటే తన పల్లంలోకే, కోతకు కూలికి వెళ్తోంది. రోజూ పొద్దున్నే కొడవలి పుచ్చుకుని గుమ్మం దాటుతుంటే కాపలావాడు ఆపుతాడు. ఆ ఇంట్లోంచి బయటికి వెళ్లే ప్రతివారినీ సోదా చెయ్యాలని ఉత్తర్వు.

"పెట్టిలో ఏటుందమ్మా?" అని అడుగుతాడు.

"ఏటీ నేదు బాబూ."

అంతగా లేదంటున్నదని అనుమానించి, కొంగు మరోసారి దులిపించి చూస్తాడు. ఇంతవరకు దొరికింది సగం కాల్చిన అడ్డపొగ చుట్ట ఒక్కటే. సొత్తులో చిన్నమెత్తు పోలేదు కనుక కాపలా బాగా పనిచేస్తున్నట్టు పైకి నివేదికలు వెళ్తున్నాయి.

మా ఊరివాళ్లను చూసి మీరు నవ్వుకుంటారని తెలుసు. నవ్వండి. కాని నిన్న మీరు ఎవరిని చూసి గబుక్కున లేచి కుర్చీ ఇచ్చారో, ఆయన పెట్టె ముందుగా తెరిపించి చూశారా? ఆయన ఇంట్లోంచి కూలికి వెళ్లే ముసలామె ఎదురైతే, ఏం చెబుతోందో ఆగి విన్నారా?